జీను కింద గట్టి బుడిపెలు, చంకలో పులిపిరి: దారం కట్టొచ్చా?

మీరు రాసిన దాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: ఎనిమిదేళ్ల ఎర్ర గుర్రం. జీను వేసేచోట బఠాణీ గింజంత గట్టి బుడిపెలు మూడు. ముందుకాలి చంకలో పులిపిరి లాంటిది ఒకటి. నొప్పీ లేదు, దురదా లేదు. పులిపిరికి దారం బిగించి రాలగొట్టమని ఎవరో చెప్పారు.

ముందు దారం సంగతి. దయచేసి కట్టకండి. నిజమైన పులిపిర్లు ఎక్కువగా మూడేళ్లలోపు గుర్రప్పిల్లల్లో, మూతి చుట్టూ, పెదాల మీద గుంపుగా వస్తాయి. కొన్ని నెలల్లో వాటంతటవే రాలిపోతాయి. ఎనిమిదేళ్ల గుర్రానికి చంకలో ఒంటరిగా వచ్చినదాన్ని ముందుగా సార్కాయిడ్‌గానే అనుమానించాలి. గుర్రాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే చర్మ కణితి ఇదే. పశువుల్లో పులిపిర్లు తెచ్చే వైరస్‌కీ దీనికీ సంబంధం ఉంది. చంక, గజ్జ, పొట్ట కింద, ఛాతీ, కంటి చుట్టూ, చెవి మొదలు... ఇవి దానికి ఇష్టమైన చోట్లు. ఒక్కోసారి వెంట్రుకలు ఊడిన బూడిదరంగు మచ్చలా ఉండి తామర అనిపిస్తుంది, ఒక్కోసారి గరుకు పులిపిరిలా, ఇంకోసారి చర్మం కింద గుండ్రటి గడ్డలా ఉంటుంది. అసలు ప్రమాదం దాన్ని కెలకడంలో ఉంది. దారం కట్టినా, కాల్చినా, సగం కోసి వదిలేసినా, ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న మచ్చ కూడా రక్తం కారే పచ్చిమాంసపు ముద్దగా మారొచ్చు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం కూడా, ఫలితం రాగానే పూర్తి చికిత్సకు సిద్ధంగా ఉంటేనే డాక్టర్లు చేస్తారు. అది సార్కాయిడే అయితే జీను బిగించే పటకా అక్కడ రాసుకోవడం కూడా దాన్ని రెచ్చగొడుతుంది. డాక్టరు చూసేదాకా స్వారీ ఆపండి.

జీను కిందివి వేరే జాతి కావచ్చు. ఇలా చూడండి. బుడిపెతో సహా చర్మాన్ని రెండు వేళ్లతో పైకి మడవండి. బుడిపె చర్మంతోపాటే లేచి, లోపల గోలీలా గట్టిగా ఉండి, పైన వెంట్రుకలు చెక్కుచెదరకుండా ఉంటే, అది చాలావరకు ఇయోసినోఫిలిక్ గ్రాన్యులోమా. పురుగుకాటు, జీను ఒత్తిడి లాంటివాటికి చర్మం ఇచ్చే జవాబు అది. ప్రాణాపాయం లేదు. కొత్తవైతే బుడిపెలోకే స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే తగ్గుతాయి. పాతబడి లోపల సున్నం పేరుకుంటే మందుకు లొంగవు. జీను నొక్కుతుంటే కోసి తీయాల్సిందే. కానీ సార్కాయిడ్ కూడా గుండ్రటి గడ్డలా ఉండొచ్చని పైన చెప్పాను కదా, అందుకే పేరు ఖాయం చేయాల్సింది డాక్టరే. ఈలోపు స్టిరాయిడ్ లేపనాలేవీ పూయకండి. లోపల చీము ఉంటే అది ముదురుతుంది.

ఏ వాపునైనా ముందు వేలితో నొక్కి పది లెక్కపెట్టి తీయండి. గుంట పడి కాసేపు అలాగే ఉంటే లోపల నీరు చేరిందన్నమాట. గంటల్లో ఒళ్లంతా లేచి, మర్నాటికి చోటు మారినవి దద్దుర్లు. కొత్త దాణా, కొత్త ఇంజెక్షన్, దోమల మందు, ఈగల కాటు, వీటిలో ఏది తగిలిందో గుర్తు చేసుకోండి. మూతీ కనురెప్పలూ వాచినా, ఊపిరి చప్పుడుగా వస్తున్నా వెంటనే డాక్టర్ని పిలవండి. నిండు చూలుతో ఉన్న ఆడగుర్రానికి పొట్ట కింద గుంటపడే వాపు తరచూ కనిపించేదే. వేడిగా, నొప్పిగా ఉండి, నాలుగైదు రోజులకు మధ్యలో మెత్తబడితే చీముగడ్డ. తన్ను తగిలిన కొన్ని గంటల్లో నీళ్లసంచిలా ఊగే వాపు వస్తే రక్తం గూడుకట్టినట్టు. దాన్ని సూదితో గుచ్చొద్దు. ఆగిన రక్తం మళ్లీ మొదలవుతుంది, క్రిములు లోపలికి పోతాయి. గుర్రప్పిల్లకు బొడ్డు దగ్గర వాపు ఉంటే మెల్లగా లోపలికి నెట్టి చూడండి. వెళ్లకుండా గట్టిగా, నొప్పిగా ఉంటే పేగు ఇరుక్కుని ఉండొచ్చు, గంట కూడా ఆగకూడదు.

మీది ఎర్ర గుర్రం కాబట్టి సరే. బూడిదరంగు గుర్రమున్న వాళ్లు మాత్రం ఒళ్లు తోమిన ప్రతిసారీ తోక ఎత్తి చూడాలి. తోక అడుగున, మలద్వారం చుట్టూ, దవడ వెనక నల్లటి గట్టి గుండ్లు వస్తే అది మెలనోమా అనే కణితి. పదిహేనేళ్లు దాటిన బూడిదరంగు గుర్రాల్లో ఎక్కువభాగానికి ఇది ఉంటుంది. ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి చిన్నగా ఉన్నప్పుడే చూపించడం మేలు.

దవడల మధ్య వాపు, ముక్కు నుంచి చీము, జ్వరం కలిసి వస్తే స్ట్రాంగిల్స్ అనే గుర్రాల అంటురోగం అనుకోండి. మామూలు ఒంటివేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్. అది దాటితే గుర్రాన్ని ఆరోజే వేరుచేసి, బకెట్, బ్రష్, గుడ్డ అన్నీ విడిగా పెట్టండి.

ఇంకొకటి, అన్నిటికంటే భయపడాల్సినది. కాలి లోపలివైపు గొలుసులా వరసగా గడ్డలు లేచి, పగిలి, తేనెలాంటి జిగట చీము కారి పుండ్లు పడితే గ్లాండర్స్ అనే అంటురోగం కావచ్చు. మనుషులకూ అంటుకుని ప్రాణం తీయగలదు. చేతితో తాకొద్దు, కడగొద్దు, గుర్రాన్ని ఎక్కడికీ కదపొద్దు. ప్రభుత్వ పశువైద్యుడికి కబురు చేయండి.

డాక్టరు వచ్చేలోపు మీరు చేయాల్సిన పని చిన్నదే. ప్రతి బుడిపె పక్కనా స్కేలు పెట్టి, ఒకే దూరం నుంచి, ఒకే వెలుతురులో ఫొటో తీసి తేదీ రాసుకోండి. వారానికోసారి మళ్లీ తీయండి. కొలతలో తేడా వచ్చినా, పైన వెంట్రుక ఊడినా, తడి కనిపించినా అనుకున్న రోజుదాకా ఆగకుండా ఫోన్ చేసి ముందే రమ్మనండి.