మూడో పేజీ దగ్గర ఆగిపోయే కథలు

ప్రశ్న: నా వయసు 36. మాది జగిత్యాల జిల్లా. గవర్నమెంటు స్కూల్లో టీచర్ని, ఇద్దరు పిల్లలు. పదేళ్లుగా కథలు రాస్తున్నాను. సెలవు రోజున పొద్దుణ్నుంచి కూర్చున్నా మూడో పేజీ దగ్గర ఆగిపోతాను. పూర్తిచేసి పంపిన ఆరు కథల్లో ఒక్కటీ అచ్చు కాలేదు. ‘ఎవరూ వేసుకోని కథలకు ఇంత తిప్పలెందుకు’ అన్నారు మావారు. అప్పట్నుంచి పెన్ను పట్టబుద్ధి కావడం లేదు. మానేయమంటారా? ఒక కథలో రెండు పేజీలు జతచేస్తున్నాను.

జవాబు: మానేయకండి. అత్తాకోడళ్లిద్దరూ చింతపండులో గింజలు తీస్తూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్న చోటు చదివాక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. ఆ నాలుగు వాక్యాలు మీరు కళ్లతో చూసి రాసినవి. తక్కువైంది సాధన. సంగీతం నేర్చుకునేవాళ్లు రోజూ సరళీ స్వరాలు పాడతారు. మీరు కూర్చున్న ప్రతిసారీ కచేరీకే దిగుతున్నారు. అది కుదరనప్పుడల్లా ‘నాకు రాదు’ అని తీర్పు ఇచ్చేసుకుంటున్నారు.

అందుకే ఒక నెలపాటు కథ జోలికి పోకండి. రోజుకు 25 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ఒకే వేళకు, నోటుబుక్కులో ఒక్క పేజీ చాలు. పిల్లల టిఫిన్ బాక్సులు మొదలుపెట్టకముందు మేలు. రాత్రికి వాయిదా వేస్తే పేపర్లు దిద్దే పని ఎలాగూ వచ్చిపడుతుంది. ఫోను పక్క గదిలో పెట్టండి. టైమవగానే వాక్యం సగంలో ఉన్నా లేవండి. మర్నాడు దాన్ని పూర్తిచేస్తూ మొదలుపెట్టడం తేలిక.

మొదటి వారం వినడానికి. బస్సులో, స్టాఫ్‌రూంలో చెవిన పడ్డ మాటలు అదే యాసలో రాయండి. మీ కథలో కోడలు సరోజ ‘నేను రేపు పట్టణానికి వెళ్తున్నాను, మీకేమైనా కావాలా?’ అంటుంది. అది పాఠ్యపుస్తకం భాష. మీ ఊరి కోడలైతే ‘అత్తమ్మా, రేపు జగిత్యాల పోతున్న. ఏమన్న తేవాల్నా?’ అంటుంది. అత్త బదులు పలక్కుండా సంచి ముందుకు తోస్తే చాలు, కోపం తెలిసిపోతుంది. యాస ప్రతి అక్షరంలోనూ చూపించనక్కర్లేదు. క్రియల్లో, పిలుపుల్లో వస్తే సరిపోతుంది.

రెండో వారం బాధ, కోపం, ఆవేదన, ఆనందం అన్న మాటలు వాడకుండా రాయాలి. ‘సరోజ మనసు తీవ్ర ఆవేదనకు గురైంది’ అన్నారు. ‘సరోజ కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది’ అని చూడండి. అలాగని నిట్టూర్పులు, పైటచెంగుతో కళ్లొత్తుకోవడాలు తెచ్చి పెట్టకండి. అవీ అరిగిపోయినవే.

మిగతా రెండు వారాలూ అత్తకివ్వండి. మీకు ఇదే అన్నిటికన్నా అవసరం. మీ కోడలిలో తప్పే లేదు, అత్తలో మంచే లేదు. అదే గొడవను అత్తమ్మ వైపు నుంచి, ఆమె తనను తాను సమర్థించుకునేలా మళ్లీ రాయండి. ఆమె మాటలో న్యాయం మీకే కనిపించాలి. పాఠకుడు ఇద్దరి మధ్యా నలిగితేనే కథలో బిగి వస్తుంది.

ఇక మూడో పేజీ సంగతి. మీ రెండు పేజీలూ సరోజ పెళ్లి, కట్నం, భర్త ఉద్యోగంతో నిండిపోయాయి. దాదాపు అంతా గతమే, ఈరోజు జరిగేది చాలా తక్కువ. గతం అయిపోగానే పెన్ను ఆగుతుంది. అందుకే మొదలుపెట్టకముందే మూడు సంగతులు రాసుకోండి: ఈరోజు ఆమెకు ఏం కావాలి, ఎవరు అడ్డం, సాయంత్రానికి ఏది మారుతుంది. మూడోదానికి జవాబు లేకపోతే కథ ఇంకా తయారు కాలేదన్నమాట.

ఐదో వారంలో 600 నుంచి 800 పదాల కథ ఒకటి రాయండి. ఒకే రోజు, ఒకే ఇల్లు, ఇద్దరే మనుషులు. నచ్చకపోయినా పూర్తిచేయాలి. సగంలో వదిలేస్తూ పోతే ముగించడం ఎప్పటికీ చేతికి రాదు. రెండు వారాలు పక్కన పెట్టి, పైకి చదవండి. నాలుక తడబడ్డచోట గీత పెట్టండి. చివరి పేరా మీద చెయ్యి అడ్డం పెట్టి చూడండి, అది లేకపోయినా కథ అర్థమైతే కొట్టేయండి. టీచర్ల కథల్లో నీతి తరచుగా అక్కడే దాక్కుంటుంది.

వారానికొక మంచి కథ చదవండి. కథకులు కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం ‘కథానిలయం’ వేల కథలను స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో ఉంచింది. ఒక కథ తీసుకుని, ఏ పేరాలో ఏం జరిగిందో పక్కన ఒక్కో ముక్కలో రాసుకోండి. గతం ఎంత తక్కువ చోటులో ఇమిడిందో తెలుస్తుంది.

మీవారి నుంచి ఇప్పుడు మెచ్చుకోలు ఆశించకండి, టైం అడగండి. ‘పొద్దున ఆ అరగంట పిల్లల్ని మీరు చూసుకోండి’ అని సూటిగా చెప్పండి. ‘ఇంత తిప్పలెందుకు’ అన్న మాట మిమ్మల్ని నొప్పించిందని కూడా చెప్పండి, ఆయనకు తెలియకపోవచ్చు. పిల్లల ముందు అలా అంటుంటే మాత్రం వద్దని గట్టిగా చెప్పాలి. మొదటి చిత్తు ఆయనకు చూపించకండి. రెండుసార్లు తిరగరాశాక ఇచ్చి, ‘ఎక్కడ విసుగొచ్చింది?’ అని అదొక్కటే అడగండి. ‘బాగుందా?’ అని అడిగితే వచ్చే జవాబు మీకు పనికిరాదు.

పాత కథల్లో చింతపండు కథనే ముందు తిరగరాయండి. గింజలు తీసే చోటే మొదలుపెట్టండి. కట్నం సంగతి అత్త నోట ఒక్క వాక్యంలో రానివ్వండి. పంపేటప్పుడు ఒకసారికి ఒకే పత్రికకు, అది మీ సొంత కథేనని, ఇంకెక్కడా పరిశీలనలో లేదని హామీపత్రం జతచేసి పంపండి.