పనసపొట్టు వద్దనేవాళ్లు ఉంటారా?

ప్రశ్న: మాఘంలో మా పెద్దమ్మాయి పెళ్లి చేశాం. వియ్యాలవారిది కర్నూలు. ఆవపెట్టిన పనసపొట్టు కూర ఉండాల్సిందేనని మావారు పట్టుబట్టారు. "దాన్ని వద్దనేవాళ్లు ఎవరుంటారే?" అన్నారు. చివరికి సగం గంగాళం మిగిలిపోయింది. వైశాఖంలో చిన్నమ్మాయి పెళ్లి. ఎదుటివాళ్ల ఇష్టం ముందే తెలుసుకోవడం ఎలాగండీ?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: మీవారిని తప్పుపట్టకమ్మా. మా కోడలి పుట్టింటివాళ్లు హైదరాబాదు నుంచి మొదటిసారి వచ్చినప్పుడు నేనూ అంతే చేశాను. వరద గోదాట్లో పడ్డ పులస తెప్పించి, ముందురోజే మట్టిదాకలో పులుసు పెట్టి, మర్నాడు అరిటాకుల్లో వడ్డించాను. వియ్యపురాలు "చాలా బాగుంది వదినా" అంటూ ఆకు మడిచి లేచారు. తీసేటప్పుడు మడత విప్పితే పులస ముక్క వేలు తగలకుండా అలాగే ఉంది. ముళ్లకి భయపడ్డారట, కోడలు తర్వాత చెప్పింది. నాకు చాలా బాధేసింది.

మనకి నచ్చింది అందరికీ నచ్చుతుందనుకోవడం మీద అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇద్దరు సహచరులు చేసిన పరిశోధన 1977లో అచ్చయింది. ప్రకటన బోర్డు మెడలో వేసుకుని అరగంట క్యాంపస్‌లో తిరుగుతారా అని విద్యార్థుల్ని అడిగారు. ఒప్పుకున్నవాళ్లు, నూటికి 62 మంది తమలాగే ఒప్పుకుంటారని అంచనా వేశారు. కాదన్నవాళ్లు, 67 మంది తమలాగే కాదంటారన్నారు. ఎవరి లెక్క వాళ్ల ఇష్టంవైపే ఒరిగింది. మనం కూర్చునే పంక్తి ఎప్పుడూ మనవాళ్లదే కదా! మీ ఊళ్లో పనసపొట్టు వద్దనే ఇల్లు మీవారికి ఎన్నడైనా తగిలిందా?

అయితే మన ఇష్టాన్ని బట్టి ఊహించడం తెలివితక్కువ పనేం కాదు. రాబిన్ డాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1989లో ఈ మాటే వాదించాడు: ఇంకేమీ తెలియనప్పుడు మన ఇష్టం కూడా ఒక ఆధారమే. కానీ మీకు కర్నూలని తెలుసు. అక్కడ ఒక్క ఇంట్లో అడిగి ఉండాల్సింది.

అడిగేటప్పుడు "పనసపొట్టు పెట్టిస్తున్నామండీ, ఇష్టమేనా?" అనకండి. మొహమాటానికి ఎవరైనా అవుననే అంటారు. మీ మాట బయటపెట్టకముందే "మీవైపు పెళ్లిలో ఏ వంటకం లేకపోతే వెలితిగా ఉంటుంది?" అని అడగండి. పెద్దాయన్ని కాదు, వంటింట్లో ఉండే ఆడవాళ్లని అడగండి. మీవారికని పనసపొట్టు కొద్దిగా చేయించండి, ఆ కూర మానొద్దు.

ఇంతకీ చిన్నమ్మాయి అత్తవారిది ఏ ఊరో రాయనేలేదు. ఈవారమే వాళ్లింటికి ఒక ఫోను చేయమ్మా.