అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల క్యాంపు జీవితం ఎలా ఉండేది? యుద్ధం గురించి ఏమనుకునేవాళ్లు?

రోజూ యుద్ధమే అనుకుంటాం గానీ, అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాలు కొట్టుకున్న 1861-65 మధ్య ఎక్కువ రోజులు డ్రిల్లు, కట్టెలు కొట్టడం, ఇంటికి ఉత్తరాలు రాయడంతోనే గడిచేవి. ఉత్తరాది సైనికుడి తిండి హార్డ్‌టాక్ అనే గట్టి బిస్కెట్, వేడి కాఫీలో ముంచితే పురుగులు పైకి తేలేవి, వాటిని తీసి పారేసి కాఫీ తాగేసేవాళ్లు (కాఫీ మాత్రం వదలరు!). తూటాల కంటే విరేచనాలు, టైఫాయిడ్ లాంటి రోగాలకే ఎక్కువమంది పోయారు.

ఇక అభిప్రాయాలంటే, ఉత్తరాదివాళ్లు చాలామంది చేరింది దేశం ముక్కలు కాకూడదని, బానిసత్వం రద్దు కోసం కాదు. దక్షిణాదిలో బానిసత్వాన్ని కళ్లారా చూశాక కొందరి మనసు మారింది. నల్లజాతి సైనికులకు మాత్రం మొదటినుంచీ అది స్వేచ్ఛ కోసం పోరాటమే. అయినా 1864 దాకా తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు, వాళ్లకు బట్టల ఖర్చు పోను 7. నల్లజాతి సైనికుల దళమైన మసాచుసెట్స్ 54వ రెజిమెంట్ ఒళ్లుమండి అసలు జీతమే ముట్టుకోలేదు.