నాన్న దాచిన సిగార్‌ను వెలిగించనా, వద్దా?

ప్రశ్న: నా వయసు 43. డాలస్‌లో ఉద్యోగం, సొంత ఊరు విశాఖపట్నం. నాన్న సరుకు ఓడల్లో ఇంజినీరుగా పనిచేశారు. 1999లో హవానా రేవుకు వెళ్లినప్పుడు రెండు సిగార్లు కొని తెచ్చారు. రోమియో ఇ హులియెటా కంపెనీవి, చర్చిల్ రకం, అల్యూమినియం గొట్టాల్లో ఉంటాయి. అక్కడ సిగార్లు చుట్టే హాల్లో ఒకాయన ఎత్తు బల్ల మీద కూర్చుని పేపరు చదువుతుంటే పనివాళ్లంతా వింటూ చుట్టేవారని మాకు కథలా చెప్పేవారు. “నేను రిటైరయ్యాక ముగ్గురం మేడమీద కూర్చుని కాలుద్దాం. మీకు చెరొకటి, నాకు ఒక్కొక్క దానిలోంచి రెండేసి దమ్ములు చాలు” అనేవారు. రిటైరైన ఏడాదే గుండెకు స్టెంటు వేశారు. ఆ రోజు ఇక రాలేదు. రెండేళ్ల కిందట పోయారు. చివరి ఎనిమిది నెలలు మంచంలో ఉంటే తమ్ముడే చూసుకున్నాడు, కాదనను. పెద్దకర్మ అయిన మర్నాడు నేను తిరుగు విమానం ఎక్కాను. ఆ రాత్రే తమ్ముడు తన సిగార్‌ను మేడమీద ఒక్కడే కాల్చేశాడు. నెల తర్వాత తెలిసి, “నాన్న జ్ఞాపకాన్ని బూడిద చేశావు” అని మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. అప్పటి నుంచి అమ్మ మందుల సంగతి తప్ప మా మధ్య మాటలు లేవు. రెండో సిగార్ అమ్మ బీరువాలో ఉంది. “ఆ పొగే మీ నాన్నను మింగింది, పారేయండి” అంటుంది అమ్మ. అద్దాల ఫ్రేములో పెట్టిద్దామంటుంది నా భార్య. జనవరిలో ఆబ్దికానికి వస్తున్నాను. ఆ రోజు నాన్నను తలుచుకుని కాల్చాలని ఒక మనసు, ఇక్కడికి తెచ్చుకుని దాచుకోవాలని ఒక మనసు. నాకు పొగతాగే అలవాటు లేదు. ఏం చేయాలి?

జవాబు: సిగార్ ఏ కంపెనీదో, ఏ రకమో, ఏ ఏడాది కొన్నదో అన్నీ రాశారు. తమ్ముడు ఆ రాత్రి మేడ ఎందుకు ఎక్కాడో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. మీరు అడిగి ఉండరు.

నేను ఊహించి చెబుతాను, తప్పైతే మీ తమ్ముడే దిద్దుతాడు. పన్నెండు రోజులు చుట్టాలతో కిటకిటలాడిన ఇల్లు ఆ రోజుతో ఖాళీ అయింది. షామియానా విప్పుకుపోయారు, అద్దె గిన్నెలు వెళ్లిపోయాయి. ఎనిమిది నెలలుగా రాత్రి తొమ్మిదింటికి మాత్ర వేయడం, నీళ్లు పట్టడం, ఒత్తిగిలించి పడుకోబెట్టడం అలవాటైన మనిషికి ఆ రాత్రి తొమ్మిదింటికి చేయడానికి పని లేదు. అన్నయ్యకు ఫోన్ చేద్దామంటే అన్నయ్య ఆకాశంలో ఉన్నాడు. నాన్న చెప్పిన మేడ పైనే ఉంది, నాన్న ఇచ్చింది బీరువాలో ఉంది.

అతను కాల్చింది తన వాటా. చెరొకటి అని పంచింది మీ నాన్నగారే. మిమ్మల్ని పిలవలేదన్న బాధ మీకు ఉండవచ్చు, అది న్యాయమే, నేను కొట్టిపారేయను. కానీ ‘నన్ను పిలవలేదేమిరా’ అనడం వేరు, ‘బూడిద చేశావు’ అనడం వేరు. నాన్న చితికి నిప్పు పెట్టి రెండు నెలలైనా కాని ఇంట్లో బూడిద అనే మాటకు ఉన్న బరువు వేరే చెప్పాలా? ఈ పని చేస్తున్న ఇన్నేళ్లలో పొలాల కోసం విడిపోయిన అన్నదమ్ములకన్నా నాన్న చేతి గడియారం కోసం, కళ్లజోడు కోసం మాటలు మానేసినవాళ్లనే ఎక్కువ చూశాను. పొలానికి కొలతలుంటాయి, కోర్టులో కాకపోతే పెద్దమనుషుల దగ్గరైనా తేలుతుంది. కళ్లజోడుకు కొలతలు లేవు.

ఇంకో సంగతి. మన ఇళ్లలో యాభై ఏళ్ల కొడుకు కూడా నాన్న ఎదురుపడితే సిగరెట్‌ను వీపు వెనక దాస్తాడు. పదహారేళ్లు వచ్చిన కొడుకును మిత్రుడిలా చూడమని శ్లోకం చెబుతుంది కానీ, పాటించే తండ్రులు ఎందరు? మీ నాన్నగారు ‘ముగ్గురం కూర్చుని కాలుద్దాం’ అన్నప్పుడు మీ ఇద్దరికీ తన పక్కన కుర్చీ వేశారు. పైగా రెండు సిగార్లు తెచ్చి ముగ్గురికి లెక్క సరిపెట్టారు, చెరొక దానిలో రెండేసి దమ్ములని. పంచుకు తాగాలనే ఆ లెక్క. ఆ లెక్కన మీ దానిలోనూ ఇంకొకరి దమ్ములు ఉన్నాయి. నాన్నగారు లేరు కాబట్టి అవి ఎవరికి చెందుతాయో మీరే ఆలోచించండి.

అందుకని జనవరి దాకా ఆగకుండా ఇప్పుడే తమ్ముడికి ఫోన్ చేయండి. క్షమాపణ నోరు దాటకపోతే సిగార్‌తోనే మొదలుపెట్టండి. దాని జోడీ రుచి తెలిసినవాడు ఈ భూమ్మీద అతనొక్కడే. “ఎలా ఉందిరా అది?” అని అడగండి. అతను చెప్పింది మొత్తం వినండి, మధ్యలో మీ వాదన తీయకండి. ఆ మెసేజ్ తప్పని మీకే అనిపించిన చోట చెప్పేయండి.

ఆ తర్వాత అతనికి ఒక పని అప్పగించండి, బీరువాలోంచి ఆ గొట్టం తీసి చూడమని. సిగార్ అంటే ఎండిన ఆకు. మూతి బిగిసిన గొట్టం, లోపల చుట్టిన పల్చటి సీడర్ చెక్క పొర దాన్ని కొంత కాపాడి ఉంటాయి కానీ పాతికేళ్లు దాటిన విశాఖ ఎండ, ఉప్పుగాలి తక్కువవి కావు. ఒంటి మీద సూదిమొనంత రంధ్రాలు, కింద సన్నటి పొడి కనిపిస్తే పొగాకును తినే చిన్న పెంకు పురుగు పట్టిందన్నమాట. మెత్తటి బొచ్చులా బూజు ఉంటే వెలిగించే ఆలోచన మానుకోవాలి. అన్నిటికన్నా నాకు భయం కలరా ఉండలు. పట్టుచీరల మధ్య అవి వేయని బీరువా మన ఇళ్లలో అరుదు, సిగార్ చుట్టూ ఉన్న వాసనను పీల్చుకుంటుంది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోగానే ఆ వాసన వస్తే దాన్ని కాల్చి పీల్చడం ఒంటికి మంచిది కాదు.

ఇవేవీ లేకుండా కేవలం ఎండిపోయి ఉంటే దారి ఉంది. వేళ్ల మధ్య సుతారంగా నొక్కితే గలగలమంటే ఎండినట్టు, కొద్దిగా లొంగితే బాగున్నట్టు. తేమను 65 శాతం దగ్గర నిలిపే చిన్న పొట్లాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. గాలి చొరని డబ్బాలో సిగార్‌ను, పొట్లాన్ని కలిపి చల్లని చోట నాలుగైదు వారాలు ఉంచమనండి. తడి గుడ్డ చుట్టి తొందరపెడితే పై ఆకు పగిలిపోతుంది. వారానికోసారి తమ్ముడు చూసి మీకు చెప్పాలి. ఈ నాలుగైదు వారాల ఫోన్లు నాకు సిగార్ కన్నా ముఖ్యం, దాచడం దేనికి!

డాలస్‌కు తెచ్చుకునే మాట మర్చిపోండి. అమెరికా 1962 నుంచి క్యూబా మీద వాణిజ్య నిషేధం పెట్టింది. మధ్యలో ప్రయాణికులకు కొన్నాళ్లు సడలించినా, 2020 సెప్టెంబరు నుంచి సామానులో ఒక్క క్యూబా సిగార్ కూడా తెచ్చుకోనివ్వడం లేదు. నాన్నగారి గుర్తు విమానాశ్రయం చెత్తబుట్టలో పడే ప్రమాదం ఎందుకు? ఫ్రేము సంగతి మీ ఆవిడతో నెమ్మదిగా చెప్పండి: గోడ మీద వెలుతురులో, పొడిగాలిలో ఆ ఆకు కొన్నేళ్లకు పొడిపొడిగా రాలుతుంది. ఫ్రేము కట్టించాలనుకుంటే సిగార్ నడుముకున్న కాగితం పట్టీ, ఖాళీ గొట్టం సరిపోతాయి.

ఇక అమ్మగారు. ఆవిడ మాట చాదస్తం కాదు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగే ముసలమ్మలను చూసి పెరిగినవారికి పొగాకు నోటిని ఏం చేస్తుందో ఒకరు చెప్పనక్కరలేదు. మీకూ దాపరికం లేకుండా చెబుతాను. పెద్ద సిగార్ ఒక్కదానిలో ఒక పెట్టె సిగరెట్లకు సరిపడా పొగాకు ఉండవచ్చు. పొగను గుండెల్లోకి లాగకపోయినా నికోటిన్ నోటి పొరల గుండానే ఒంట్లో చేరుతుంది. అలవాటు లేని మీకు తల తిరగవచ్చు, వాంతి రావచ్చు. తండ్రికి గుండె జబ్బు ఉన్నవారు కనుక ముందు మీ డాక్టరును అడగండి. ఆయన వద్దంటే వద్దే. వెలిగించకుండా మూత తీసి వాసన చూసి మళ్లీ మూసినా నాన్నగారి మాట తప్పినట్టు కాదు, ఆయన కూడా డాక్టరు మాట విని ఆగినవారే కదా.

డాక్టరు సరేనంటే, అమ్మగారికి చెప్పే చేయండి. చాటుగా వద్దు, చాటుగా జరిగిన ఒక రాత్రి వల్ల ఎంత దూరం వచ్చిందో చూశారు. ఆబ్దికం రోజు మాత్రం వద్దు. ఆ రోజు ఆవిడ మడితో, తద్దినం వంటతో, మీ నాన్నగారితో ఉంటుంది. ఆ రోజు ఇంటి మీద పొగాకు వాసన పడకూడదు. రెండు రోజులు పోనిచ్చి ఒక సాయంత్రం చూసుకోండి. బీచికి వెళ్లాలనిపిస్తుందేమో, సముద్రపు గాలికి సిగార్ ఒక పక్కే కాలి చేదెక్కుతుంది. పిట్టగోడ చాటున్న మీ మేడే మేలు.

కడుపునిండా తిని ఎక్కండి. తల వైపు చిన్న టోపీలా అతికించి ఉంటుంది, దాన్ని మాత్రమే పదునైన బ్లేడుతో కోయాలి. మా తాతగారు లంక పొగాకు చుట్ట చివర పళ్లతో కొరికి ఊసేవారు. ఆ పద్ధతి ఇక్కడ పనికిరాదు. గొట్టంలోని సీడర్ చెక్క పొరను సన్నగా చీల్చి అగ్గిపుల్లతో అంటించి, ఆ మంటకు కాస్త పైన సిగార్‌ను తిప్పుతూ అంచంతా ఎర్రబడనివ్వండి. తర్వాతే నోట పెట్టుకోవాలి. నిమిషానికి ఒక దమ్ము, పొగను నోట్లో నిలిపి వదిలేయడమే. తొందరపడితే వేడెక్కి ఘాటు తిరుగుతుంది. బూడిదను మాటిమాటికీ దులపకండి, అంగుళం దాకా దానంతటదే నిలుస్తుంది.

రుచి గురించి పెద్ద ఆశలు పెట్టుకోకండి. బాగా నిలవ ఉన్న సిగార్‌లో పచ్చి ఘాటు పోయి, పాత బియ్యంలా ఒక నెమ్మది వస్తుంది. సీడర్ చెక్క, కాఫీ గింజ, పాత తోలు లాంటి వాసనలు తగులుతాయి. సరిగా నిలవ లేనిదైతే చప్పగా ఎండుగడ్డిలా ఉండవచ్చు. అలా ఉన్నా నాన్నగారు కొన్న రోజు దానికి ఏ లోటూ లేదు. చర్చిల్ రకం దాదాపు ఏడు అంగుళాలు ఉంటుంది, పూర్తిగా కాలడానికి గంట పైనే పడుతుంది. అంతా మీరు తాగనక్కరలేదు. ఒక దమ్ము మీరు, ఒక దమ్ము తమ్ముడు, మూడో వంతు కాలగానే ఆపేయండి. ఎంగిలి అంటారా, చిన్నప్పుడు ఒకే మామిడి టెంక చీకినవాళ్లే కదా. నలిపి ఆర్పితే కంపు కొడుతుంది, పళ్లెంలో వదిలేస్తే తానే ఆరిపోతుంది. అది ఆరేదాకా కూర్చోండి.

ఆ సమయంలో ఏం మాట్లాడాలో తోచదని మీకు బెరుకుగా ఉండవచ్చు. హవానా కార్ఖానాల్లో చుట్టేవారికి ఒకరు చదివి వినిపించే ఆచారం 1865లో మొదలై ఇప్పటికీ ఉంది, మీ నాన్నగారు చెప్పిన కథ అదే. ఓడల్లో పనిచేసినవారు ఆ రోజుల్లో రేవు రేవుకూ ఇంటికి ఉత్తరం రాసేవారు. మీ అమ్మగారు వాటిని పారేసి ఉండరు, ఏ ట్రంకు పెట్టెలోనో ఉంటాయి. అడిగి తీసుకోండి. సిగార్ ఒకరి చేతిలో ఉన్నప్పుడు రెండోవారు చదవండి. కొన్ని మాటలు ఆవిడ మీకు చదవనివ్వకపోవచ్చు, చదివేది తనే పట్టుకోవచ్చు. అప్పుడు ఆవిడ కుర్చీ గాలి వచ్చే వైపు వేయండి, పొగ తగలకుండా.