నానమ్మ స్టిక్కర్లు కొత్త ఫోన్‌లోకి ఎలా?

ప్రశ్న: సార్, మా నానమ్మకు చదువు రాదు. బాపు పదకొండేళ్లుగా మస్కట్‌లో ఉంటున్నాడు. డ్యూటీలో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తే వీలుండదు. అందుకని నేను ఇంటర్‌లో ఉండగా నానమ్మ కోసం వాట్సాప్ స్టిక్కర్లు చేశాను. గోలీల షీటు ఫొటో పంపితే ‘మందులు వేసుకున్నా’ అని, మా బర్రె ఫొటో పంపితే ‘పాలు పిండుడు అయింది’ అని, తలుపు గొళ్ళెం అయితే ‘పడుకుంటున్నా’ అని. మొత్తం 43 ఉన్నాయి. ఇప్పుడు ఆమె ఫోన్‌కు ఛార్జింగ్ సరిగా ఎక్కట్లేదు, కొత్తది కొన్నాం. ఆ స్టిక్కర్లు చేసిన యాప్ ప్లే స్టోర్‌లో కనిపించట్లేదు. చాట్ బ్యాకప్ తీస్తే అవి కూడా వస్తాయా? చాలా టెన్షన్‌గా ఉంది.
— డిగ్రీ విద్యార్థి, జగిత్యాల జిల్లా

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అక్షరం రాని మనిషికి నువ్వు 43 మాటలున్న ఒక భాష చేసిపెట్టావు. అందులో ఒక్కటి కూడా పోకూడదు.

చాట్ బ్యాకప్‌ను నమ్ముకుని కూర్చోకు. అది పాత మాటలను తిరిగి తెస్తుంది. నానమ్మ వేలు పెట్టి వెతుక్కునే స్టిక్కర్ల పేజీ వేరే సంగతి. బయటి యాప్‌లో చేసిన స్టిక్కర్ల ప్యాక్, అంటే స్టిక్కర్ల కట్ట, ఆ యాప్ ఉన్నంతవరకే వాట్సాప్‌లో కనిపిస్తుంది, యాప్ తీసేస్తే ప్యాక్ కూడా పోతుంది. కాబట్టి పాత ఫోన్‌లో ఆ యాప్‌ను ముట్టుకోకు. ఫోన్ రీసెట్ చేయకు, ఎక్స్ఛేంజ్‌లో అసలే ఇవ్వకు.

మొదట ఫోన్‌ను ఛార్జర్‌కు పెట్టి ఉంచే స్టిక్కర్ల పేజీని పైనుంచి కిందిదాకా స్క్రీన్‌షాట్లు తియ్యి. ఇది చిన్న పని అనుకోవద్దు. చదువు రానివాళ్లు స్టిక్కర్‌ను దాని చోటుతో గుర్తుపెట్టుకుంటారు. బర్రె పై వరుసలో రెండోది, గొళ్ళెం అడుగున మూలకు, అలాగన్నమాట. కొత్త ఫోన్‌లో బొమ్మలన్నీ వచ్చి వరుస మారిపోతే, పడుకునే ముందు ఆమె గోలీల షీటు పంపేస్తుంది, అక్కడ బాపు కంగారు పడతాడు.

తర్వాత ఆమె ఫోన్ నుంచి నీ నంబర్‌కు 43 స్టిక్కర్లూ వరుస తప్పకుండా ఒక్కొక్కటే పంపు. పావుగంట పని. నీది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ఫైల్ మేనేజర్ తెరిచి ఆండ్రాయిడ్, అందులో మీడియా, కామ్ డాట్ వాట్సాప్, వాట్సాప్, మళ్లీ మీడియా, చివరికి వాట్సాప్ స్టిక్కర్స్ అనే ఫోల్డర్‌లోకి వెళ్లు. గ్యాలరీలో వెతికితే దొరకవు. అక్కడ ఎస్‌టీకే అనే మూడు అక్షరాలు, ఆ వెనక తేదీ, చివర వరుస సంఖ్య ఉన్న ఫైళ్లు ఉంటాయి. నువ్వు పంపుకున్న రోజు తేదీని బట్టి నీవి ఏవో తెలిసిపోతుంది. చివరి అంకెలను బట్టి ఏది ముందో, ఏది తర్వాతో తెలుస్తుంది. ఇవి వెబ్‌పీ అనే రకం బొమ్మ ఫైళ్లు. కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఉన్నవి ఉన్నట్టే కాపీ చెయ్యి. ఎవరికైనా పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపు. ఫొటోగా పంపితే జేపెగ్ అనే మామూలు ఫొటో ఫైల్ అయిపోతుంది, కత్తిరించిన అంచుల చుట్టూ రంగు పట్టీ వచ్చి పడుతుంది.

బాపు ఫోన్‌ను మరిచిపోకు. నానమ్మ ఇన్నాళ్లూ పంపినవన్నీ ఆయన చాట్‌లో ఉన్నాయి. ఏ స్టిక్కర్ మీద నొక్కినా ఫేవరెట్స్‌లో చేర్చుకునే వీలుంటుంది, అక్కడినుంచి తిరిగి పంపొచ్చు. పాత ఫోన్ ఈ రాత్రికే ఆగిపోయినా మస్కట్‌లో ఇంకో కాపీ ఉన్నట్టే.

కొత్త ఫోన్‌లో ఆ ఫైళ్లను అదే ఫోల్డర్‌లో వేసినంత మాత్రాన స్టిక్కర్ల పేజీలోకి రావు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వెబ్‌పీ ఫైళ్లను తీసుకునే వేరే స్టిక్కర్ యాప్ ఏదైనా వేసుకుని మళ్లీ ప్యాక్ కట్టాలి. ఒక్కో ప్యాక్‌లో కనీసం 3, గరిష్ఠంగా 30 స్టిక్కర్లే పడతాయి కాబట్టి నీకు రెండు ప్యాక్‌లు కావాలి. రోజూ వాడేవన్నీ మొదటి దాంట్లో, పాత వరుసలోనే పెట్టు. ఒంట్లో బాగోలేనప్పుడు, అత్యవసరంలో పంపేవి రెండోదాంట్లో. ప్యాక్ గుర్తుగా చిన్న బొమ్మ అడుగుతుంది. అక్కడ నీ ఫొటో కాకుండా ఆమె రోజూ చేత్తో పట్టుకునేది పెట్టు, తాంబూలం సంచి లాంటిది.

ఇక అసలు ఫొటోలు. స్టిక్కర్ అంటే 512 పిక్సెళ్ల చదరం, కదలనిదైతే 100 కేబీ లోపే. దాన్ని పెద్దది చేయలేం. నువ్వు తీసిన ఆ బర్రె ఫొటో, గొళ్ళెం ఫొటో వెతికి అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2006లో అమీర్‌పేటలో ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని మా అక్కతో చాటింగ్ చేసేవాణ్ని. అప్పట్లో కంప్యూటర్‌లో వాడే చాటింగ్ మెసెంజర్‌లో పెట్టుకోవడానికి మా ఇంటి మనుషుల ముఖాలతో చిన్న చిన్న బొమ్మలు చేసుకున్నాను. తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంటున్న బొమ్మ ఒకటుండేది. ఒక సోమవారం వెళ్లేసరికి ఆ కంప్యూటర్ ఫార్మాట్ అయి ఉంది. నా ఖాతాతో లాగిన్ అయ్యాను, స్నేహితుల పేర్లన్నీ వచ్చాయి, బొమ్మలు మాత్రం రాలేదు. అవి ఉన్నది ఖాతాలో కాదు, ఆ హార్డ్ డిస్క్‌లో. అసలు ఫొటోలు కూడా అందులోనే ఉండేవి. ఆ కళ్లజోడు బొమ్మ నాకు మళ్లీ దొరకలేదు.

పని అయ్యాక కొత్త ఫోన్ నానమ్మ చేతికిచ్చి, బాపుకు గొళ్ళెం పంపమను. ఆమె వెతుక్కోకుండా పంపగలిగేదాకా పాత ఫోన్ బీరువాలో పెట్టొద్దు.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో నేను చేసుకున్న స్టిక్కర్లను కూడా ఇలాగే కాపీ చేయాలా?
— గృహిణి, గుంటూరు

జవాబు: అక్కర్లేదమ్మా. టెలిగ్రామ్‌లోనే స్టిక్కర్లు చేసిపెట్టే స్టిక్కర్స్ బాట్‌తో చేసిన సెట్ టెలిగ్రామ్ సర్వర్లలోనే ఉంటుంది, ఒక్కో సెట్‌లో 120 దాకా పెట్టుకోవచ్చు. కొత్త ఫోన్‌లో అదే నంబర్‌తో లాగిన్ అయితే వచ్చేస్తాయి. సెట్‌కు ఒక లింక్ ఉంటుంది, దాన్ని డైరీలో రాసి పెట్టుకోండి. అయితే చాలాకాలం వాడకుండా వదిలేస్తే ఖాతా దానంతటదే రద్దయిపోతుంది. ఆ గడువు సెట్టింగ్స్‌లో ఉంటుంది, పెంచుకోండి.