ముందు అడ్రస్‌ల లెక్క రాసుకో

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవి చిట్టికి,
మావయ్య ఆశీస్సులు.

ద్వారకానగర్‌లో ఆ కోచింగ్ సెంటర్ నెట్‌వర్క్ అంతా నీకే అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమమ్మా. మొదటి వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది, అందుకే వెంటనే రాస్తున్నాను.

"ఐపీ అడ్రస్‌లు ఆటోమేటిక్‌గా వచ్చేస్తాయి" అని, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో మెషీన్‌ని గుర్తుపట్టే నంబర్లు వాటంతట అవే వస్తాయని, నీకు చెప్పే ఉంటారు. వస్తాయి. కానీ ఎవరిస్తున్నారు, ఎన్ని ఉన్నాయి, ఎన్నాళ్లకు ఇస్తున్నారు అనేది కాగితం మీద రాసుకునే దాకా ఏ సెట్టింగ్ జోలికీ వెళ్లకు.

ఆన్ చేసిన కంప్యూటర్‌కి అడ్రస్ ఇచ్చేదెవరో తెలియదు. అందుకని నెట్‌వర్క్ అంతటికీ వినబడేలా అడుగుతుంది. అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ఒక అడ్రస్ చూపిస్తుంది. "సరే, అదే ఇవ్వండి" అని కంప్యూటర్ మళ్లీ అందరికీ వినబడేలాగే చెబుతుంది. ఇంకో సర్వర్ కూడా చూపించి ఉంటే, అది తనది వెనక్కి తీసుకోవాలి కదా. ఆ తర్వాతే సర్వర్ ఖాయం చేస్తుంది. గేట్‌వే (బయటి నెట్‌కి దారి), డీఎన్ఎస్ (సైట్ పేరుకి నంబరు చెప్పేది) వివరాలూ దాంతోపాటే వస్తాయి. ఈ కేక రౌటర్ దాటదు. మీ అంతస్తులకు వేర్వేరు నెట్‌వర్క్‌లు ఉంటే, ఈ కేకను అవతల ఉన్న సర్వర్‌కి అందించే రిలే పెట్టారో లేదో చూడు.

వచ్చిన అడ్రస్ అద్దెదే, సొంతం కాదు. లీజు, అంటే ఆ అద్దె గడువు, 8 రోజులైతే 4 రోజులు గడవగానే కంప్యూటర్ పొడిగించమని అడుగుతుంది. జవాబు రాకపోతే, 7 రోజులు దాటాక ఏ సర్వర్ దొరికినా చాలని అందరినీ అడుగుతుంది. ల్యాబ్‌లో కదలని మెషీన్లకు ఇది హాయిగా సరిపోతుంది. పిల్లల ఫోన్లకు మాత్రం అస్సలు పనికిరాదు. పొద్దున బ్యాచ్‌లో 150 మంది, సాయంత్రం ఇంకో 150 మంది వచ్చారనుకో. పొద్దున వాళ్లు ఇంటికెళ్లినా వాళ్ల అడ్రస్‌లు 8 రోజులూ వాళ్ల పేరునే ఉంటాయి. మామూలు నెట్‌వర్క్‌లో వాడుకోదగ్గవి 254. సాయంత్రానికి వైఫై సిగ్నల్ నిండుగా ఉంటుంది, కనెక్ట్ మాత్రం కాదు. వైఫైని వేరు చేసి, లీజు రెండు గంటలకు తగ్గించు.

ప్రింటర్ల అడ్రస్‌లు మారకూడదు. వాటి మ్యాక్ అడ్రస్‌తో (తయారీలోనే ఒక్కో మెషీన్‌కి ఇచ్చే గుర్తింపు నంబరు) సర్వర్‌లోనే రిజర్వ్ చెయ్యి. ఒక్కో ప్రింటర్ దగ్గరికెళ్లి చేత్తో పెట్టాల్సి వస్తే, ఆ నంబర్లను సర్వర్ పంచే అడ్రస్‌ల పూల్ నుంచి తీసేయడం మరిచిపోకు.

హుద్‌హుద్ తుఫాను నీకు గుర్తుండే ఉంటుంది, 2014 అక్టోబరు 12. కరెంటు తిరిగొచ్చిన రోజు మా ఆఫీసులో ఒక్క మెషీన్‌కీ నెట్ లేదు. కేబుళ్లు పోయాయనుకుని సగం రోజు సీలింగ్ పలకలు ఊడదీశాం. చివరికి ఒక మెషీన్ తెరిచి చూస్తే అడ్రస్ 169.254తో మొదలైంది. అది ఎవరూ ఇచ్చింది కాదు. ఎంత అడిగినా జవాబు రాక విండోస్ తనంతట తాను పెట్టుకున్నది. కేబుళ్లు బాగానే ఉన్నాయి, సర్వర్‌లో డీహెచ్‌సీపీ సర్వీస్ స్టార్ట్ కాలేదు. "నెట్ లేదు" అని ఎవరన్నా సరే, నువ్వు ముందు చూడాల్సింది ఆ మెషీన్‌కి ఏ అడ్రస్ వచ్చిందని.

విండోస్‌లో ఐపీకాన్‌ఫిగ్ ఆల్ (ipconfig /all) కమాండ్ ఇస్తే డీహెచ్‌సీపీ సర్వర్ అనే వరుస కూడా కనిపిస్తుంది. దాన్ని వదలకు. ఎవరో ఇంటి నుంచి చిన్న రౌటర్ తెచ్చి గోడ సాకెట్‌కి పెట్టేస్తారు. అదీ అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది. ముందు ఎవరు జవాబిస్తే కంప్యూటర్ సాధారణంగా వాళ్లదే తీసుకుంటుంది. సగం క్లాసుకి నెట్ ఉంటుంది, సగానికి ఉండదు. ఆ వరుసలో మీ సర్వర్ కాకుండా వేరే నంబర్ కనబడితే టెన్షన్ పడకు, ఆ రౌటర్‌ని వెతికి పీకెయ్.

ఇది ముందే ఆపాలంటే, కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేయాలి, అది నమ్మని పోర్టుల నుంచి వచ్చే అడ్రస్ జవాబులను ఆపేస్తుంది. కానీ మీ సర్వర్ ఉన్న పోర్టును నమ్మదగినదిగా గుర్తు పెట్టకుండా చేశావంటే అందరికీ అడ్రస్‌లు ఆగిపోతాయి. ఒక్కదానివే మొదలుపెట్టకు. ఆదివారం ఆ కాగితం, స్విచ్ మోడల్ నంబరు పట్టుకుని ఇంటికి రా. దగ్గర కూర్చుని చూపిస్తాను.

మావయ్య