పాఠకుల ప్రశ్నలు: శాండ్‌బాక్స్ నిజంగానే ఆపుతోందా?

మనకు నమ్మకం లేని ప్రోగ్రాంని మన మెషీన్ మీదే నడపాల్సి వస్తే, చుట్టూ కంచె కట్టి నడుపుతాం. ఆ కంచె పేరే శాండ్‌బాక్స్. అది పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలని ఈసారి డెల్టా నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో అయిదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా విద్యార్థులు రాసే సీ, పైథాన్, జావా ల్యాబ్ ప్రోగ్రాంలను ఒక లైనక్స్ సర్వర్ మీద డాకర్ (ప్రోగ్రాంలని విడివిడి గదుల్లో నడిపే సాఫ్ట్‌వేర్) కంటెయినర్‌లో నడిపి మార్కులు వేస్తున్నాం. మెమరీ 256 ఎంబీ, సమయం 2 సెకన్లు. లోపలి నుంచి ఒక వెబ్‌సైటు తెరవబోతే తెరుచుకోలేదు. అంటే భద్రంగా ఉన్నట్టేనాండీ? ఇంకా ఏం పరీక్షలు పెట్టాలి? – ఇంజినీరింగ్ కాలేజీ అధ్యాపకురాలు, భీమవరం

అప్పుడే అనుకోకండి. ఆ రోజు మీ ల్యాబ్‌లో నెట్ ఉందో లేదో చూశారా? వేసవిలో కాలువలు కట్టేశాక, తూము వలలోంచి చెరువులోకి ఒక్క చేపా రాలేదని వల గట్టిదనుకోం కదా. నీరు పారుతున్నప్పుడు చూడాలి. అందుకే ప్రతి దాడి ప్రోగ్రాంనీ ముందు శాండ్‌బాక్స్ బయట నడపండి, దాడి పారిందని కళ్ళారా చూడండి. తర్వాత అదే ప్రోగ్రాంని లోపల నడపండి. ఆగితే, ఏ కారణంతో ఆగిందో కూడా చూడండి. బయటి పరుగుకి మాత్రం మార్కులు వేసే సర్వర్ వాడొద్దు. పాత డెస్క్‌టాప్ ఒకటి పక్కన పెట్టుకోండి, లేదా వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) వాడండి.

నెట్‌వర్క్ పరీక్షకి బయటి వెబ్‌సైటుతో పని లేదు. సర్వర్ మీదే 9000 పోర్టులో చిన్న వెబ్ సర్వర్ ఒకటి లేపండి. బయటి నుంచి కనెక్ట్ అయ్యిందని చూశాక లోపలి నుంచి ప్రయత్నించండి. పేరుతో కాకుండా ఐపీ నంబరుతో వెళ్ళండి. పేరుతో వెళ్తే, పేరుని ఐపీ నంబరుగా మార్చే డీఎన్ఎస్ ఒక్కటే పనిచేయకపోయినా అంతా మూసుకున్నట్టే కనిపిస్తుంది. కంటెయినర్‌కి అసలు నెట్‌వర్కే ఇవ్వకపోతే ‘నెట్‌వర్క్ అన్‌రీచబుల్’ అని వెంటనే రావాలి. అలా కాకుండా పది, ఇరవై సెకన్లు ఆగి ‘టైమ్ అవుట్’ వచ్చిందంటే ప్యాకెట్ బయటికి వెళ్తూనే ఉంది, దార్లో ఎవరో ఆపుతున్నారు. ఆ ఆపేది రేపు ఉండకపోవచ్చు. 127.0.0.1 (ఏ మెషీన్‌కైనా తన సొంత చిరునామా)లో 3306 పోర్టు (మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మామూలుగా వాడేది) కూడా తట్టండి. హోస్ట్ (కంటెయినర్‌ని మోసే మీ సర్వర్) నెట్‌వర్క్‌నే పంచుకుంటున్న కంటెయినర్ అయితే మీ మార్కుల డేటాబేస్ అక్కడ పలుకుతుంది. సర్వర్ క్లౌడ్‌లో ఉంటే 169.254.169.254 తప్పనిసరిగా చూడాలి, సర్వర్‌కి క్లౌడ్ ఖాతా రహస్య కీలు ఇచ్చే చిరునామా అదే కాబట్టి.

ఎక్కువమంది బోల్తా పడేది సమయం దగ్గర. అంతులేని లూప్ పెట్టి చూసి, రెండు సెకన్లకి ఆగిందని సంతోషిస్తారు. 60 సెకన్లు ఊరికే నిద్రపోయే ప్రోగ్రాం పెట్టి చూడండి. నిద్రపోయేది సీపీయూ వాడదు, కాబట్టి సీపీయూ సమయానికి పెట్టిన పరిమితి దాన్ని ముట్టుకోదు. గడియారం సమయానికి వేరే పరిమితి కావాలి: సీపీయూకి 2 సెకన్లయితే గడియారానికి 10 చాలు. పైగా లైనక్స్‌లోని ఆర్‌లిమిట్ సీపీయూ పరిమితి ఒక్కో ప్రాసెస్‌కి (నడుస్తున్న ఒక్కో ప్రోగ్రాంకి) విడివిడిగా వర్తిస్తుంది. ఇరవై పిల్ల ప్రాసెస్‌లు పుట్టించినవాడికి నలభై సెకన్లు దొరుకుతాయి. మొత్తం లెక్క, ప్రాసెస్‌ల గుంపుకి లైనక్స్ ఉమ్మడిగా లెక్క కట్టే సీగ్రూప్‌లోని సీపీయూ.స్టాట్ ఫైలులో ఉంటుంది, దాన్నే నమ్మండి.

గడువు దాటాక మీ స్క్రిప్ట్ దేన్ని చంపుతోందో కూడా చూడాలి. ‘డాకర్ రన్’ కమాండ్‌ని బలవంతంగా చంపితే కంటెయినర్ చావదు. ఆ కమాండ్ కబురు మోసేదే కానీ పని చేసేది కాదు. నిద్ర ప్రోగ్రాంని పదిసార్లు పంపి, అర నిమిషం ఆగి, నడుస్తున్న కంటెయినర్ల జాబితా చూపే ‘డాకర్ పీఎస్’ కొట్టండి. జాబితా ఖాళీగా రావాలి. పది వరసలు కనిపిస్తే, ప్రతి కంటెయినర్‌కీ పేరు పెట్టి, ఆ పేరుతో ‘డాకర్ కిల్’ చేసేలా స్క్రిప్ట్ మార్చండి.

ప్రాసెస్‌ల సంఖ్యకి నిజమైన ఫోర్క్ బాంబ్ (ఆపకుండా తన నకళ్ళు పుట్టించుకునే ప్రోగ్రాం) అక్కర్లేదు. 200 పిల్లల్ని పుట్టించి, ఒక్కోదాన్ని 5 సెకన్లు నిద్రపుచ్చి, ఎన్ని పుట్టాయో ముద్రించే ప్రోగ్రాం చాలు. బయట 200 రావాలి. లోపల పిడ్స్ (ప్రాసెస్‌ల సంఖ్య) పరిమితి 64 పెట్టి ఉంటే 63 దగ్గర, లేదా ఒకటి రెండు ముందే, ‘రిసోర్స్ టెంపరరీలీ అన్‌అవైలబుల్’ అని ఆగాలి. ఈ పరిమితిని మరీ బిగించి 10కి దించితే అమాయకుడి జావా ప్రోగ్రాం కూడా థ్రెడ్ పుట్టడం లేదని పడిపోతుంది, ఎందుకంటే జావాని నడిపే జేవీఎం తనకోసమే చాలా థ్రెడ్లు (ప్రాసెస్ లోపలి ఉపపనులు, ఇవీ ఈ లెక్కలోకే వస్తాయి) తెరుస్తుంది. దాడి ప్రోగ్రాంల పక్కనే, ప్రతి భాషలో మామూలు ప్రోగ్రాంలు కూడా పరీక్షలో ఉండాలి. అన్నింటినీ ఆపే శాండ్‌బాక్స్ కూడా చెడిపోయిందనే లెక్క.

మెమరీకి 1 జీబీ అడిగి ఊరుకునే ప్రోగ్రాం పనికిరాదు. లైనక్స్ అడిగినంత ఇచ్చేసినట్టు కనిపిస్తుంది, రాసినప్పుడే నిజంగా లెక్కలోకి తీసుకుంటుంది. అడిగిన చోటల్లా ప్రతి 4096 బైట్లకి ఒక బైటు రాస్తూ పోండి, ప్రతి 16 ఎంబీకి ఒక గీత ముద్రించండి. 256కి కాస్త ముందే ఆగాలి. 512 దాకా వెళ్తే స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం) తెరిచి ఉందన్నమాట. మీరు మెమరీ ఒక్కటే చెప్పి స్వాప్ సంగతి చెప్పకపోతే డాకర్ ఇంకో 256 స్వాప్‌లోంచి వాడుకోనిస్తుంది. మెమరీ-స్వాప్ విలువ కూడా 256 అనే రాయండి. ఆగినప్పుడు ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రాం ఎలా ముగిసిందో చెప్పే అంకె) 137 వస్తుంది, అంటే 128కి చంపే సిగ్నల్ 9 కలిపినది. గడువు దాటిందని మీ స్క్రిప్ట్ చంపినా ఇదే 137. తేడా సీగ్రూప్‌లోని మెమరీ.ఈవెంట్స్ ఫైలులో ఊమ్ కిల్ (మెమరీ చాలక చంపినవి) లెక్క పెరిగిందా లేదా అన్నదాన్ని బట్టి తెలుస్తుంది. ఇది చూడకపోతే పిల్లవాడికి ‘సమయం మించింది’ అని తప్పు కారణం చూపిస్తారు.

ఆపకుండా ముద్రించే ప్రోగ్రాం కంటెయినర్‌ని ఏమీ చేయదు, దాన్ని చదివే మీ స్క్రిప్ట్‌నే ముంచుతుంది. డాకర్ మామూలుగా ఆ ముద్రణంతా హోస్ట్ డిస్క్ మీద లాగ్ ఫైలులోనూ పెడుతుంది, దానికి దానంతట పరిమితి లేదు. 64 కేబీ చదివాక ఆపి చంపేయండి. ఎర్రర్ దారిని (ఎర్రర్ సందేశాలు వచ్చే వేరే పైపు) కూడా అలాగే చదవాలి. చదవకుండా వదిలేస్తే పైపు 64 కేబీకి నిండిపోయి ప్రోగ్రాం అక్కడే కొయ్యబారిపోతుంది.

తర్వాత జంటగా నడిపే పరీక్ష. మొదటి ప్రోగ్రాం టెంప్ డైరెక్టరీలో ఒక ఫైలు రాసి, నేపథ్యంలో ఒక ప్రాసెస్ వదిలి ముగుస్తుంది. రెండోది ఆ ఫైలు కోసం, ఆ ప్రాసెస్ కోసం వెతుకుతుంది. ఏదైనా దొరికితే ఒకరి జవాబు ఇంకొకరికి అందుతున్నట్టే. హోస్ట్ మీద ‘గోదారి7731’ లాంటి ఎక్కడా లేని మాటతో ఒక గుర్తు ఫైలు పెట్టండి. తన అవుట్‌పుట్ ఫైలు పేరుతోనే ఆ గుర్తు ఫైలుకి సింబాలిక్ లింక్ (వేరే ఫైలుకి దారి చూపే ఉత్తుత్తి ఫైలు) పెట్టే ప్రోగ్రాం పంపండి. ఫలితంలో ఆ మాట వచ్చిందంటే, కంటెయినర్ గట్టిగానే ఉన్నా బయట రూట్ (సర్వాధికారి) హక్కులతో ఉన్న మీ స్క్రిప్టే లింక్ పట్టుకుని వెళ్ళి తలుపు తీసింది. అసలు జవాబుల ఫైలు కంటెయినర్ లోపలికి వెళ్ళనే కూడదు. పోల్చడం బయటే జరగాలి.

చివరగా, లోపలి నుంచి, ప్రాసెస్ తన హక్కులు చూసుకోగలిగే ‘ప్రోక్ సెల్ఫ్ స్టేటస్’ ఫైలుని ముద్రించండి. యూఐడీ (వాడుకరి సంఖ్య) 0, అంటే రూట్, ఉండకూడదు, కానీ మీరు చెప్పకపోతే డాకర్ రూట్‌గానే నడుపుతుంది. క్యాప్‌ఎఫ్ (ప్రత్యేక అధికారాలు) వరసలో అన్నీ సున్నాలు, నోన్యూప్రివ్స్ (కొత్త అధికారాలు రాకుండా ఆపేది) దగ్గర 1, సెక్‌కాంప్ (లైనక్స్‌ని అడగగలిగే పనులకి జల్లెడ) దగ్గర 2 ఉండాలి. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాంకి బయటి నుంచి అందే సెట్టింగులు) కూడా ముద్రించి చూడండి. డేటాబేస్ పాస్‌వర్డ్ అక్కడ కూర్చుని ఉండటం మనం అనుకునేదానికన్నా మామూలు.

ప్రశ్న: కంపైలర్ (రాసిన కోడ్‌ని నడిచే ఫైలుగా మార్చేది) మనం పెట్టుకున్నదే కదా. కంపైల్ బయట చేసి, నడిపేది మాత్రం శాండ్‌బాక్స్‌లో పెడితే సరిపోదా? – బీటెక్ విద్యార్థి, అమలాపురం

సరిపోదు. కంపైలర్ మనదే, దానికి తినిపించే ఫైలు మనది కాదు. ఒకే ఒక్క వరస ఉన్న సీ ప్రోగ్రాం ఊహించుకోండి: హెడర్ ఫైలు పేరు ఉండాల్సిన చోట సర్వర్‌లోని ‘ఈటీసీ పాస్‌వర్డ్’ (వాడుకరుల జాబితా) ఫైలు దారి రాశారు. కంపైల్ కాదు. కానీ జీసీసీ అనే సీ కంపైలర్ తప్పు ఎక్కడుందో చూపించడానికి ఆ ఫైలులోని ‘రూట్:ఎక్స్:0:0’ అన్న వరసని ఎర్రర్ సందేశంలో యథాతథంగా అచ్చు వేస్తుంది. మీ వెబ్‌పేజీ దాన్ని భద్రంగా విద్యార్థికి చూపిస్తుంది. అదే చోట ‘డెవ్ జీరో’ (సున్నాలు ఇస్తూనే ఉండే లైనక్స్ ఫైలు) అని రాస్తే కంపైలర్ అంతం లేని ఫైలుని చదువుతూ మెమరీ పెంచుకుంటూ పోతుంది.

ఇంకొకటి: 25 కోట్ల ఇంటిజర్ల గ్లోబల్ ఎర్రే ప్రకటించి, మొదటి గడిలో 1 పెట్టండి. ఆ ఒక్క 1 వల్ల ఎర్రే అంతా ఎగ్జిక్యూటబుల్ ఫైలులోకి ఎక్కి ఫైలు సుమారు 1 జీబీ అవుతుంది. ఆ 1 తీసేస్తే కొన్ని కేబీలే. 1 ఉన్నదీ లేనిదీ రెండూ పరీక్షలో పెట్టుకోండి, లేనిది కంపైల్ అవ్వాలి. కంపైల్‌కి వేరే శాండ్‌బాక్స్ ఇచ్చి 10 సెకన్లు, 512 ఎంబీ, ఫైలు పరిమాణం 64 ఎంబీ పెట్టండి. పరిమాణం దాటితే కోడ్ 153 కనిపించవచ్చు, అది ఫైలు పరిమితి సిగ్నల్ 25కి 128 కలిపినది.

ప్రశ్న: పైథాన్‌లో ఇవాల్ (అక్షరాలుగా ఇచ్చినదాన్ని కోడ్‌గా నడిపే) ఫంక్షన్‌కి బిల్టిన్స్ (భాషతోనే వచ్చే ఫంక్షన్లు) అన్నీ తీసేసి ఇస్తే ఖాతాదారులు రాసే ఫార్ములాలని భయం లేకుండా నడపొచ్చా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తణుకు

నడపొద్దు. ఖాళీ టపుల్ (విలువల వరస) ఒకటి చాలు: దాని క్లాసుకి వెళ్ళి, అక్కడి నుంచి మూలమైన ఆబ్జెక్ట్ క్లాసుకి ఎక్కి, దాని ఉపక్లాసుల జాబితా అడిగితే ప్రోగ్రాంలో లోడైన క్లాసుల్లో చాలామటుకు చేతికొస్తాయి. తీసేసిన ఫంక్షన్లకి దారి వాటిలోంచే దొరుకుతుంది. పైథాన్ వాళ్ళే ఒకప్పుడు ఇలాంటి రక్షణ కోసం ఇచ్చిన ఆర్‌ఎగ్జెక్ మాడ్యూల్‌ని పైథాన్ 3లో తీసేశారు. జావా సెక్యూరిటీ మేనేజర్‌ని కూడా 2021లో జావా 17తో ఉపసంహరణ దారి పట్టించారు. భాష లోపల కట్టిన గోడ నిలవదు, ఆపరేటింగ్ సిస్టం కట్టాలి.

ఫంక్షన్ పేరే లేని దాడీ ఉంది: 9కి ఘాతం 9, ఆ పైనున్న ఘాతానికే మళ్ళీ ఘాతం 9. అదే ప్రాసెస్‌లో అలారం సిగ్నల్ పెట్టినా మీ హ్యాండ్లర్ నడవదు, ఎందుకంటే ఆ ఒక్క లెక్క అయ్యేదాకా పైథాన్ దాని మొహం చూడదు. ఫార్ములాలే కావాలంటే కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం మాత్రమే తెలిసిన చిన్న పార్సర్ (ఫార్ములాని చదివి విడదీసేది) రాసుకోండి.

ప్రశ్న: మాది నెట్ సెంటరండి. పెన్‌డ్రైవ్‌లో ఏవేవో ఫైళ్ళు తెస్తారు. విండోస్ శాండ్‌బాక్స్‌లో తెరిస్తే ఇబ్బంది లేదంటున్నారు, నిజమేనా? – పాలకొల్లు

మంచి ఆలోచనే, కాకపోతే రెండు మూడు మార్పులు చేయాలి. అది విండోస్ 10 ప్రో, 1903 వెర్షన్ నుంచి ఉంది, హోమ్‌లో రాదు. బయోస్‌లో వర్చువలైజేషన్ తెరిచి ఉండాలి. మనం ఏమీ మార్చకపోతే నెట్‌వర్కూ క్లిప్‌బోర్డూ రెండూ తెరిచే ఉంటాయి. డబ్ల్యూఎస్‌బీ (ఈ శాండ్‌బాక్స్ సెట్టింగుల) ఫైలు రాసుకుని ఆ రెండూ ఆపండి, పెన్‌డ్రైవ్ ఫైళ్ళున్న ఫోల్డర్‌ని చదవడానికి మాత్రమే ఇవ్వండి. తర్వాత లోపలి నుంచి ఆ ఫోల్డర్‌లోని ఫైలు తుడిచి చూడండి, తుడుచుకుపోకూడదు. బయట కాపీ చేసిన మాట లోపల పేస్ట్ కాకూడదు.

చాలామంది 68 అక్షరాల ఐకార్ పరీక్ష ఫైలు పెట్టి చూస్తారు. అది యాంటీవైరస్ మేలుకుని ఉందో లేదో చెబుతుంది, శాండ్‌బాక్స్ గురించి ఏమీ చెప్పదు. ఫైలు లోపల తెరిస్తే ఏమీ జరగలేదని దాన్ని బయట తెరవకండి. తాను విండోస్ శాండ్‌బాక్స్ లాంటి వర్చువల్ మెషీన్‌లో ఉన్నానని గుర్తుపట్టి ఊరుకునే వైరస్‌లు ఉన్నాయి.

ప్రశ్న: పరీక్షలన్నీ నెగ్గాయి. మళ్ళీ ఎప్పుడు చూసుకోవాలి? – పాలిటెక్నిక్ ల్యాబ్ ఇన్‌ఛార్జి, మండపేట

కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) మారినప్పుడు, డాకర్ మారినప్పుడు, కొత్త భాష చేర్చినప్పుడు. ఉబుంటు 21.10 నుంచి సీగ్రూప్ రెండో వెర్షన్ మామూలుగా వస్తోంది, దాంతో మెమరీ పరిమితి రాసే ఫైలు పేరే మారింది. పాత పేరుకి రాసే సొంత స్క్రిప్ట్, వచ్చిన ఎర్రర్‌ని పట్టించుకోకపోతే, పరిమితి లేకుండానే ప్రోగ్రాంలని నడుపుతూ పోతుంది. పైకి ఏ తేడా కనిపించదు. ప్రతి 4096 బైట్లకి ఒకటి రాసే ఆ చిన్న ప్రోగ్రాం మాత్రం మొదటిరోజే పట్టేస్తుంది.

మీ పరీక్షలకి అందనివీ ఉంటాయి. కంటెయినర్‌ని లేపే రన్‌సీలో 2019లో ఒకటి, 2024లో ఒకటి పెద్ద గండ్లు బయటపడ్డాయి. 2016లో బయటపడ్డ డర్టీ కౌ లోపం లైనక్స్ కెర్నెల్‌లో 2007 నుంచీ ఉంది. కంటెయినర్లన్నీ ఒకే కెర్నెల్ మీద నడుస్తాయి కాబట్టి కెర్నెల్‌కి గండి పడితే అన్నీ మునుగుతాయి. అందుకని అప్‌డేట్లు వాయిదా వేయొద్దు. విద్యార్థుల ప్రోగ్రాంలు నడిచే చోటుని ఒక వర్చువల్ మెషీన్‌గా విడదీసి, మార్కుల డేటాబేస్‌ని వేరే మెషీన్‌లో పెట్టండి. కెర్నెల్ పంచుకోకుండా నడపాలంటే గూగుల్ 2018లో విడుదల చేసిన జీవైజర్, అదే ఏడాది అమెజాన్ ఇచ్చిన ఫైర్‌క్రాకర్ రెండూ ఉచితంగా దొరుకుతాయి.

పరీక్షలన్నీ ఒక స్క్రిప్ట్‌లో పెట్టి రోజూ తెల్లవారుజామున నడిపించండి. ఏ ప్రోగ్రాంకి ఏ కోడ్, ఏ కారణం రావాలో ముందే పట్టిక రాసి ఉంచండి. నిన్న 137 వచ్చిన చోట ఇవాళ 0 (మామూలుగా ముగిసిందనే కోడ్) వస్తే, కారణం తెలిసేదాకా కొత్త ప్రోగ్రాంలు తీసుకోవడం దానంతటదే ఆగిపోయేలా కలపండి.